ఆ పెన్సిలు వాళ్ల చేతిలోనే ఉండనిద్దాం

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలున్న ఇళ్లలో ఆదివారం రాత్రి ఎలా ఉంటుందో మనకి తెలిసిందే. రేపు బడికి 'మన సహాయకులు' చార్టు పట్టుకెళ్లాలన్న సంగతి తొమ్మిదిన్నరకి గుర్తొస్తుంది. నాన్న బండి తీస్తాడు. అప్పటికే స్టేషనరీ షాపు షట్టరు సగం దించేసి ఉంటుంది. అమ్మ కత్తిరిస్తుంది, అతికిస్తుంది, స్కెచ్ పెన్నుతో చుట్టూ బార్డరు గీస్తుంది. పిల్ల మొదట పక్కనే కూర్చుని "నేనూ అతికిస్తా" అంటుంది. "ఉండమ్మా, ఇప్పటికే లేటయింది, పాడుచేస్తావు" అంటాం. పదకొండింటికి చార్టు బ్రహ్మాండంగా తయారవుతుంది. పిల్ల సోఫాలో నిద్రపోయి ఉంటుంది.

ఇందులో ఎవర్నీ తప్పుబట్టాలని కాదు. నిద్ర మానుకుని కూర్చున్నది ప్రేమతోనే, మన పిల్ల పదిమందిలో చిన్నబోకూడదనే. కాకపోతే మర్నాడు టీచరు "వెరీ గుడ్" అన్నప్పుడు ఆ పిల్లకి ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచిద్దాం. ఆ మెచ్చుకోలు తనది కాదని తనకి తెలుసు. ఏడేళ్ల వయసులో అది పైకి చెప్పుకోవడం రాదు. మంచి పని కావాలంటే తన చేతులు చాలవు, అమ్మ చేతులే కావాలి అన్న సంగతి మాత్రం లోపల నాటుకుపోతుంది. వినడానికి కష్టంగా ఉన్నా ఇది నిజం. ఏళ్ల తరబడి ఈ వయసు పిల్లల మధ్యే ఉన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయితే బడి ప్రాజెక్టు వచ్చినప్పుడు ఏం చేయాలంటారా? పని పంచుకుందాం. సామాను తేవడం, బ్లేడు పట్టాల్సిన చోట పట్టడం, చార్టు కదలకుండా అదిమిపట్టుకోవడం మన వంతు. ఏం పెట్టాలి, ఎక్కడ అతికించాలి, ఏ రంగు వేయాలి అన్నది పిల్లల వంతు. అక్షరాలు వంకర పోతాయి. పోస్ట్‌మ్యాన్ ఓ పక్కకి ఒరిగి అతుక్కుంటాడు. పక్కింటి అబ్బాయి చార్టు, వాళ్ల నాన్న చేసింది, మెరిసిపోతూ ఉంటుంది. మార్కులు కూడా దానికే ఎక్కువ పడొచ్చు. అది మనం ఓర్చుకోవాల్సిందే. డైరీలో టీచరుకి ఓ చిన్న ముక్క రాసి పంపండి, "పాప సొంతంగా చేసిందండీ, కత్తిరించడంలో మాత్రం సాయం చేశాం" అని. ముప్ఫై చార్టులు ముందు పెడితే ఏది ఎవరి చేతిదో మా టీచర్లకి చూడగానే తెలిసిపోతుంది. ఆ ఒరిగిన పోస్ట్‌మ్యాన్‌ని చూస్తే చాలామంది టీచర్లకి ముచ్చటేస్తుంది కూడా.

ఇక ఇంట్లో మనంతట మనం పెట్టుకునే బొమ్మల పని సంగతి. ఏం చేయించాలో చెప్పమని అందరూ అడుగుతారు. దానికి ముందు, వాళ్లు ఇప్పటికే వేస్తున్న బొమ్మల్ని ఒకసారి సరిగా చూద్దాం.

రెండో తరగతి పిల్లవాడు అమ్మమ్మగారి ఊరు గీశాడనుకోండి. కాగితం అడుగున ఒక ఆకుపచ్చ గీత, అది నేల. పై అంచున నీలం పట్టీ, అది ఆకాశం. మధ్యంతా తెలుపే. "ఆకాశం కిందిదాకా రావాలి కదరా" అంటే "ఇక్కడ గాలుంది" అంటాడు. రోడ్డుకి రెండువైపులా కొబ్బరిచెట్లు చెరో పక్కకీ పడుకుని ఉంటాయి. బావి పైనుంచి చూసినట్టు గుండ్రంగా ఉంటుంది, దాని పక్కనున్న బిందె మాత్రం ఎదురుగా నిలబడి చూసినట్టు ఉంటుంది. ఇంటికి గోడలున్నా లోపలి మంచం, మంచం మీద తాతయ్య, ఆయన చేతిలో పేపరు అన్నీ కనిపిస్తుంటాయి. గేదె ఇంటికంటే పెద్దది. అమ్మమ్మ చేతులు మోకాళ్లు దాటి వేలాడుతుంటాయి, ఎందుకంటే ఆ చేతుల్లో సున్నుండల డబ్బా ఉంది.

ఇవేవీ తప్పులు కావు. జార్జ్ హెన్రీ లూకే అనే ఫ్రెంచి పరిశోధకుడు సొంత పిల్లల బొమ్మల్ని ఏళ్ల తరబడి గమనించాడు. ఈ వయసువాళ్లు కంటికి కనిపించేదాన్ని కాక తమకి తెలిసినదాన్ని గీస్తారని 1927లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. తాతయ్య లోపల ఉన్నాడని మనవాడికి తెలుసు, కాబట్టి గోడ అడ్డం రాదు. చెట్లు రోడ్డు పక్కనుంచి మొలుస్తాయని తెలుసు, కాబట్టి అటు కొన్ని, ఇటు కొన్ని మొలిచాయి. వియన్నాలో అంధుల బడిలో పనిచేసి తర్వాత అమెరికా వెళ్లిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో రాసిన పుస్తకంలో ఈ నేల గీత, ఆకాశపు పట్టీ, అద్దంలాంటి గోడలు సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఎలా వస్తాయో విడమరిచాడు. అంటే మన పిల్లవాడు వెనకబడలేదు. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాడు.

అసలు ఆ మాటకొస్తే, మన చేర్యాల నకాశీ పటాల్లో మాత్రం దూరంగా ఉన్నవి చిన్నగా, దగ్గరగా ఉన్నవి పెద్దగా వేస్తారా? లేపాక్షి మండపం కప్పు మీద వీరభద్రుడు ఎంత భారీగా ఉన్నాడో చూసినవాళ్లకి తెలుసు. ముఖ్యమైనవాణ్ణి పెద్దగా వేయడం అక్కడ సంప్రదాయం అనిపించుకుంటే, మనవాడి గేదె దగ్గరికొచ్చేసరికి తప్పెలా అవుతుంది?

ఆ గేదె పెద్దగా ఎందుకుందో అడిగితే తెలుస్తుంది. పోయిన సెలవుల్లో అది తలూపుతూ వాడి మీదికి వచ్చింది. ఆ భయం ఎంతో గేదె అంత. "గేదె ఇంటికన్నా పెద్దగా ఉంటుందా ఎక్కడైనా?" అని మనం నవ్వుతూనే అంటాం. వాడు రబ్బరు తీసుకుని చెరిపేస్తాడు, మనం చెప్పినంత గేదెని వేస్తాడు. అది ఎవరి గేదో వాడికీ తెలీదు. అందుకే నా మొదటి సలహా, బొమ్మలు వేసేటప్పుడు పెన్సిలు, రబ్బరు, స్కేలు కాస్త దూరంగా పెట్టండి. క్రేయాన్లు ఇవ్వండి. వాటితో గీసింది చెరపడం కుదరదు కాబట్టి ముందుకే వెళతారు.

మాట విషయంలోనూ కాస్త జాగ్రత్త పడదాం. "ఏంటిది?" అని అడిగితే, చూడగానే తెలియనంత చెత్తగా వేశానా అనుకునే పిల్లలుంటారు. "దీని గురించి చెప్పవా?" అంటే కథంతా చెబుతారు. "ఈ మూలంతా ఎరుపు వేశావే, అక్కడేం జరుగుతోంది?" అంటే ఇంకా మంచిది, నిజంగా చూశామని వాళ్లకి తెలుస్తుంది. చూడకుండా అనే "సూపర్"ని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. డల్లాస్‌లో ఉన్న మనవరాలు వీడియో కాల్‌లో బొమ్మ చూపిస్తే, తెర మీద సగమే కనిపిస్తున్నా "సూపర్ బంగారం!" అనేస్తాం. రెండోసారి అలా అనేసరికి ఆ పిల్ల కాగితం పక్కన పెట్టేసి వేరే కబుర్లు మొదలుపెడుతుంది.

మెచ్చుకోవద్దని కాదు. బహుమతి ఆశ పెట్టడం దగ్గరే చిక్కు. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఒక నర్సరీ బడిలో చేసిన ప్రయోగాన్ని 1973లో ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టమైన మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆటల సమయంలో ఆ పెన్నులు మళ్లీ బల్ల మీద పెట్టి చూశారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లలో ఇంచుమించు సగం సేపే వాటితో గడిపారు. మన పిల్లలు వాళ్లకంటే కాస్త పెద్దవాళ్లే. అయినా "బొమ్మ వేస్తే చాక్లెట్ ఇస్తా" అనబోయే ముందు ఇది గుర్తుచేసుకుంటే మంచిది.

ఇప్పుడు పని చూద్దాం. ఖరీదైన కిట్లు కొనక్కర్లేదు. వంటింట్లో ఉన్న పసుపుతోనే ఒక సాయంత్రం గడుస్తుంది.

ఒక గిన్నెలో రెండు చెంచాల పసుపు వేసి కొంచెం నీళ్లతో పల్చగా కలపండి. డ్రాయింగ్ షీటు మీద దాన్ని దూదితోనో పాత గుడ్డతోనో పిల్లల చేతే పూయించండి. ఫ్యాను కింద ఆరబెట్టండి. ఈలోగా బట్టల సబ్బు ముక్క కాసిని నీళ్లలో నానేయండి. కాగితం ఆరాక ఆ సబ్బునీళ్లలో కుంచె ముంచి, లేదా అగ్గిపుల్లకి దూది చుట్టి, గీయమనండి. నీళ్లతో గీసిన గీత ఎర్రగా తేలుతుంది. పసుపు మరక పడ్డ చొక్కాకి సబ్బు రుద్దినప్పుడు ఎర్రబడటం మనం చూసిందే, పారాణికి పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేదీ అదే. ఎర్ర గీత మీద ఒక్క నిమ్మచుక్క వేయమనండి, అక్కడ మళ్లీ పసుపు తిరిగొస్తుంది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. సబ్బునీళ్ల చేత్తో కూడా కళ్లు నులుముకోకుండా చూసుకుంటే చాలు.

ఇక్కడ మనకి ఒక పరీక్ష ఉంది. పిల్ల ఈ వింతతో చక్కటి పువ్వు వేస్తుందని మనం ఎదురుచూస్తాం. తను కాగితమంతా సబ్బునీళ్లు పూసి, మొత్తం ఎర్రగా చేసి, "అయిపోయింది" అంటుంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టడానికి ఏమీ మిగలదు. కానీ ఆ పదినిమిషాలూ ఆ పిల్ల ముఖం చూసి ఉంటే, ఏం జరిగిందో మనకి తెలుస్తుంది. ఎందుకు ఎర్రబడిందో తను అడిగితే చెప్పండి. అడక్కపోతే సైన్సు పాఠం మొదలుపెట్టకండి.

అలాగే బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్దితే పూలు పడతాయి. పాత పెళ్లిపత్రికలు అటక మీద ఎన్ని ఉంటాయో, బంగారు రంగు కాగితం అంతకన్నా మంచిది బజార్లో దొరకదు. కత్తిరించి అతికించుకోనివ్వండి. వినాయకచవితికి తెచ్చిన బంకమట్టిలో ఓ ముద్ద మిగిల్చి తడిగుడ్డ చుట్టి ఉంచితే కొన్నాళ్లు పనికొస్తుంది. కొత్త రంగులు కొనేటట్టయితే ఎరుపు, పసుపు, నీలం, తెలుపు చాలు. ఆకుపచ్చ రంగు వాళ్లే కనిపెట్టుకోవాలి. చుక్కల ముగ్గులు నాయనమ్మ దగ్గర నేర్చుకోనివ్వండి, మగపిల్లల్ని కూడా.

రంగులు నింపే పుస్తకాల గురించి అడుగుతారు. ప్రయాణంలో కాలక్షేపానికి ఇవ్వండి, ఫరవాలేదు. బొమ్మలు నేర్పేది మాత్రం అవి కావు. వాటిని లోవెన్‌ఫెల్డ్ గట్టిగానే వ్యతిరేకించాడు. అచ్చులో వచ్చిన కుక్కబొమ్మ పక్కన తన కుక్క ఎప్పుడూ ఓడిపోతుంది మరి. యూట్యూబులో ఆపి ఆపి చూస్తూ వేసే బొమ్మలతోనూ ఇదే ఇబ్బంది. "నాది అలా రాలేదు" అన్న మాటతో అవి ఎక్కువగా ముగుస్తాయి.

ఇల్లు పాడవుతుందన్న బెంగ ఉంటుంది. రోజంతా పనిచేసి వచ్చి నేల మీద రంగులు తుడవడమంటే ఎవరికైనా విసుగే. 'రైలుబడి' పుస్తకంలో టొటొచాన్ అనే చిన్నపిల్ల జెండా గీస్తూ, అంచు కుచ్చులకి కాగితం చాలక బల్ల మీదికి వెళ్లిపోతుంది. మొదటి బడి వాళ్లు ఆ పిల్లని భరించలేకపోవడానికి అదీ ఒక కారణం. మనం పుస్తకం చదువుతూ ఆ పిల్ల పక్షాన ఉంటాం, మన డైనింగ్ టేబుల్ మీదికొస్తే మాత్రం టీచరు పక్షాన. కాబట్టి ముందే ఒక చోటు అనుకుందాం. బాల్కనీయో, వంటింట్లో ఓ మూలో. కింద వార్తాపత్రికలు, ఒంటి మీద పాత చొక్కా. అక్కడ పడ్డ రంగుకి తిట్లుండవు, ఆ చోటు దాటితే ఉంటాయి. అయిపోయాక కుంచెలు కడగడం, పేపర్లు మడవడం పిల్లల పనే. వారానికి ఒక అరగంట చాలు. ఆ అరగంట మనం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నా సరే, ఫోను మాత్రం వద్దు.

పక్కన కూర్చుంటే "నువ్వే గియ్యి అమ్మా, నాకు ఏనుగు రాదు" అని పెన్సిలు మన చేతిలో పెడతారు. గీసిచ్చేయడం తేలిక. దానికి బదులు "ఏనుగు ఎలా నడుస్తుందో చూపించు" అనండి. వాడు నాలుగు కాళ్ల మీద హాల్లో తిరుగుతాడు, చెయ్యి తొండంలా ఊపుతాడు. "తోక ఎక్కడుందిరా?" "ఇక్కడ." "చెవులు?" రెండు చేటలంత అని చేతులు చాచి చూపిస్తాడు. ఇప్పుడు వెయ్యమంటే వేస్తాడు. అది గుడికొచ్చే ఏనుగులా ఉండదు, కానీ దానికి చెవులు మాత్రం చేటలంత ఉంటాయి.

నాలుగైదు తరగతులకి వచ్చేసరికి ఇంకో రకం కష్టం మొదలవుతుంది. నిన్నటిదాకా గోడలన్నీ నింపిన పిల్ల ఒక్కసారిగా "నాకు బొమ్మలు రావు" అని మానేస్తుంది. మనకి కంగారు. ఆ పిల్లలో ఏదో పోయిందని కాదు ఇది. తొమ్మిది, పదేళ్లకి చూపు పదునెక్కుతుంది. గుర్రం నిజంగా ఎలా ఉంటుందో తెలుస్తుంది, తను గీసింది అలా లేదని కూడా తెలుస్తుంది. కన్ను ముందుకెళ్లింది, చెయ్యి ఇంకా అందుకోలేదు. ఇప్పుడు "చాలా బాగుంది కదమ్మా" అంటే ఆ పిల్ల నమ్మదు. పైగా అమ్మకి కూడా తేడా తెలీదని అనుకుంటుంది. "కాళ్లు అనుకున్నట్టు రాలేదా? నిజమే, గుర్రం కాళ్లు కష్టం" అని ఒప్పుకుంటే కాస్త ఊరట. ఎదురుగా కదలని వస్తువేదైనా పెట్టుకుని చూసి గీయడం ఈ వయసులో బాగా కుదురుతుంది. నాన్న చెప్పుల జత మంచి వస్తువు. ఏ మడత ఎక్కడుంది, పట్టీ ఎక్కడ అరిగింది అని చూస్తూ చూస్తూ గీయాలి. పోలిక అక్కర్లేని పనులు కూడా పెట్టండి. అట్టముక్కలకి కొబ్బరి ఈనె కట్టి తోలుబొమ్మల్లా ఆడించడం, మట్టిపని, ముగ్గులు. చాలామంది పెద్దవాళ్లు "నాకు బొమ్మలు రావు" అనడం మొదలుపెట్టింది ఈ వయసులోనే. మనలో కూడా ఉన్నాం అలాంటివాళ్లం.

బాబు అన్నీ నల్లరంగుతోనే వేస్తున్నాడని భయపడి వచ్చే తల్లులున్నారు. ఎక్కువసార్లు దాని వెనక పెద్ద రహస్యమేమీ ఉండదు. నలుపు తెల్లకాగితం మీద బాగా కనిపిస్తుంది, లేదా మిగతా క్రేయాన్లు విరిగిపోయి ఉంటాయి. యుద్ధాలు, రక్తం, రాక్షసులు వేయడం కూడా ఈ వయసులో మామూలే. ఒక్క బొమ్మ చూసి మనసులో ఏముందో చెప్పేయడం మంచి మానసిక వైద్యులెవరూ చేయరు. అయితే అదే భయంకరమైన దృశ్యం వారాల తరబడి వస్తూ, దాంతోపాటు నిద్ర చెడినా, తిండి తగ్గినా, పక్క తడపడం మళ్లీ మొదలైనా, బడికో ఒక మనిషి దగ్గరికో వెళ్లనని మొండికేసినా, తేలిగ్గా తీసుకోకండి. తిట్టకుండా, గుచ్చి గుచ్చి అడక్కుండా వినండి. పిల్లల డాక్టరుకి చూపించండి. ఎవరైనా హాని చేస్తున్నారన్న అనుమానం వస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది.

చివరిగా, కుప్పలుగా పేరుకునే కాగితాల సంగతి. అన్నీ దాచలేం, దాచక్కర్లేదు. నెలకోసారి పిల్లల్ని కూర్చోబెట్టుకుని నాలుగైదు ఏరమనండి. వెనక తేదీ వేసి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక ముక్క రాయండి, "గేదె నన్ను చూసింది" అని. పాత అట్టపెట్టె ఒకటి వాటికి కేటాయించండి. తమ్ముడి పుట్టినరోజు బహుమతి చుట్టడానికి కొన్ని వాడొచ్చు, అమ్మమ్మకి పోస్టులో కొన్ని పంపొచ్చు. మిగిలినవి పారేయాల్సిందే, కానీ వాళ్లు బడికి వెళ్లాక గుట్టుగా కాదు. సాయంత్రం పెన్సిలు చెక్కిన పొట్టు వేయడానికి చెత్తబుట్ట మూత తీసేది వాళ్లే.